మామిడి షెడ్డులో మూడు సర్వర్లు

విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు దారులు కలిసే హనుమాన్ జంక్షన్ బాపులపాడు మండలంలోనిది. అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి వదిలి నూజివీడు రోడ్డెక్కితే కాసేపటికే వరిచేలు వెనకబడి మామిడి తోటలు మొదలవుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, బాపులపాడు కృష్ణాలోనే ఉండిపోయింది. ఆ గీత కాయ మీద పడలేదు. బాపులపాడు తోటలో కోసిన రసం కూడా బజార్లో నూజివీడు రసమే.

ఆ దారి పక్కనే ఒక తోట షెడ్డు. బంగినపల్లి కోత దాదాపు అయిపోయింది, కలెక్టరు కాయ ఇంకా చెట్టు మీదే ఉంది. ఖాళీ ట్రేల దొంతరల మధ్య ఒక బల్ల, బల్ల మీద మూడు పాత కంప్యూటర్లు, వాటి ముందు బాబాయి, అబ్బాయి. బాబాయి ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాదులో సర్వర్లు కాసి, ఇప్పుడు సొంత తోట కాస్తున్నాడు. అబ్బాయి ఆయన అన్న కొడుకు. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివి, బాబాయి వదిలేసిన పనినే హైదరాబాదులో కొత్త పద్ధతుల్లో చేస్తున్నాడు.

కావలసింది చిన్న పనే. షెడ్డు దగ్గర ఏ రకానికి ఎంత ధర పలికింది, ఏ లారీ ఎప్పుడు బయల్దేరుతుంది, ఎవరి దగ్గర్నుంచి ఎన్ని ట్రేలు వెనక్కి రావాలి. ఈ మూడు సంగతులూ చుట్టుపక్కల రైతులు ఫోనులో చూసుకోవాలి. ఇన్నాళ్లూ అవి వాట్సాప్ గ్రూపులో శుభోదయాల కింద పడి కనపడకుండా పోతున్నాయి. ఒక వెబ్‌సర్వర్ పెట్టి అందులో ఒక పేజీ ఉంచితే సరి. ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లకు బయటివాళ్లు నేరుగా చేరగల సొంత చిరునామా చాలాసార్లు ఉండదు కనుక ముందు షెడ్డు వైఫైలో నడిపి చూసి, కుదిరాక బయట ఒక యంత్రం అద్దెకు తీసుకుందామన్నారు. ఇంతవరకూ ఇద్దరికీ ఒకే మాట. సర్వర్ సాఫ్ట్‌వేరూ, దాని కింద ఆపరేటింగ్ సిస్టమూ ఓపెన్‌సోర్సువే కావాలన్న దాంట్లోనూ తేడా లేదు. ఏది వెయ్యాలన్న దగ్గర గొడవ మొదలైంది.

"ఇందులో వాదించుకోడానికి ఏముంది బాబాయ్? ఏ లినక్స్ వేసినా లోపల నడిచేది అదే అపాచీ వెబ్‌సర్వర్" అన్నాడు అబ్బాయి.

"నువ్వు మామిడి ఊళ్లో పుట్టి ఆ మాటనకూడదురా. అంటు ఒకటే. వేరు వేరు" అన్నాడు బాబాయి.

ఆయన చెప్పింది ఇది. బంగినపల్లి కొమ్మ తెచ్చి టెంక మొలిపించిన మొక్కకి అంటు కడతారు. పైన కాసే కాయ కొమ్మది. కానీ నీటి ఎద్దడికీ, చవుడుకీ, గాలికీ తట్టుకునేది కింది వేరు. అపాచీని ఏ సిస్టం మీద పెట్టినా వడ్డించే పేజీ ఒకటే. తేడా వచ్చేది కరెంటు పోయినప్పుడు, దొంగ వచ్చినప్పుడు, పెట్టినవాడు ఊళ్లో లేనప్పుడు.

అబ్బాయి ఒప్పుకోలేదు. పోలిక బాగుందని పోలికతో సర్వర్ నడవదన్నాడు. జేబులోంచి ఆల్మాలినక్స్ 10 ఉన్న పెన్‌డ్రైవ్ తీసి మొదటి యంత్రానికి పెట్టాడు. రెడ్ హ్యాట్ కుటుంబంలోది ఆల్మా. రెడ్ హ్యాట్ డబ్బు తీసుకుని ఇచ్చే సిస్టానికి జోడీగా, ఉచితంగా దొరుకుతుంది. కంపెనీల్లో అబ్బాయి రోజూ చూసేది ఆ కుటుంబాన్నే.

యంత్రం మొదలవలేదు.

అది కోర్ 2 డ్యుయో కాలంది. రెడ్ హ్యాట్ 10వ వెర్షన్ నుంచి ప్రాసెసరులో ఏవీఎక్స్2 వంటి ఆదేశాలు ఉండి తీరాలి. ఇంటెల్ వాటిని 2013లో వచ్చిన హాస్వెల్ తరంతో మొదలుపెట్టింది. 9వ వెర్షనుకి అంత కొత్తది అక్కర్లేదు గానీ, దానికి కావలసిన ఆదేశాలు కూడా కోర్ 2 డ్యుయోలో లేవు. రెండో యంత్రం మూడో తరం ఐ3. దాని మీద 9 ఎక్కుతుంది. 10 ఎక్కాలంటే పాత ప్రాసెసర్ల కోసం ఆల్మావాళ్లు విడిగా కట్టి ఇస్తున్న రకం తెచ్చుకోవాలి.

"చూశావా? కాలేజీలో పారేసే కంప్యూటర్లే పల్లెకు వచ్చేది. వాటిని పనికిరావనే సిస్టం మనకెందుకు?" అన్నాడు బాబాయి. డెబియన్ 13 పెట్టాడు. 2025 ఆగస్టు 9న విడుదలైన ఆ వెర్షన్ కోర్ 2 డ్యుయో మీద సాఫీగా ఎక్కింది. భాష అడిగిన చోట జాబితాలో తెలుగు ఉంది. బాబాయి దాన్నే ఎంచుకున్నాడు. డిస్కు విభజన దగ్గర్నుంచి ప్రశ్నలు తెలుగులో వచ్చాయి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్ల కిందట తెలుగు ఆపరేటింగ్ సిస్టం తయారుచేసినప్పుడు డెబియన్ మీదే కట్టింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ పునాదీ అదే. వికీమీడియా సర్వర్లు నడిచేది కూడా డెబియన్ మీదే కాబట్టి, తెలుగు వికీపీడియా పేజీ ఒకటి తెరిచిన ప్రతిసారీ అక్కడ బదులిచ్చేది ఒక డెబియన్ యంత్రం.

"మరి మూడోది?" అన్నాడు అబ్బాయి. మూడోది పెంటియం 4, 32 బిట్లది. డెబియన్ 13 దాన్ని వదిలేసింది. 32 బిట్ల యంత్రాలకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. "పాతవాళ్లని వదలని సిస్టం అన్నావుగా బాబాయ్?"

బాబాయి జవాబు చెప్పలేదు. మూడో యంత్రాన్ని పక్కకి జరిపాడు.

అపాచీని ఇన్‌స్టాల్ చెయ్యడానికి పట్టేది రెండు నిమిషాలు. డెబియన్లో ఆప్ట్ అనే ఆదేశానికి 'ఇన్‌స్టాల్ అపాచీ2' అని చెప్పాలి. ఆల్మాలో డీఎన్ఎఫ్ అనే ఆదేశానికి 'ఇన్‌స్టాల్ హెచ్‌టీటీపీడీ' అని చెప్పాలి. రెండూ ఒకే సాఫ్ట్‌వేర్. ఇంట్లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు ఉన్న మనిషి లాంటిది. రెండు పేర్లకీ మూలం అపాచీ పుట్టుకలో ఉంది. అమెరికాలోని ఎన్‌సీఎస్ఏ అనే కేంద్రంలో రాబ్ మెకూల్ రాసిన హెచ్‌టీటీపీడీ తొలినాళ్లలో ఎక్కువమంది వాడిన వెబ్‌సర్వర్. 1994లో ఆయన వెళ్లిపోయాక దాని అతుకూ మరమ్మతూ చూసేవాళ్లు లేకపోయారు. దాన్ని వాడుతున్న వెబ్‌మాస్టర్లు ఎవరి మరమ్మతులు వాళ్లు చేసుకున్నారు. 1995లో బ్రయాన్ బెలెండార్ఫ్ తదితరులు ఆ మరమ్మతులన్నీ ఒకచోట కుట్టి విడుదల చేసిందే అపాచీ. రెడ్ హ్యాట్ పాత పని పేరు ఉంచింది, డెబియన్ కొత్త పేరు పెట్టుకుంది.

పేరు తేడా చిన్నది. ఫైళ్లు ఉండే చోటు తేడా కూడా ఓ పూట తికమకపెట్టి సర్దుకుంటుంది. డెబియన్లో సైట్ల కన్ఫిగ్ ఫైళ్లు ఒక సంచిలో ఉంటాయి, అందులో నడవాల్సినవాటిని ఇంకో సంచికి ముడివెయ్యాలి. ఆల్మాలో ఒకే సంచిలో పడేస్తే చాలు. డెబియన్లో అపాచీ నడిచే యూజర్ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, ఆల్మాలో అపాచీ. అసలు తేడా ఇవేవీ కాదు. ఆ రెండు నిమిషాల్లో మనల్ని అడక్కుండా, మన తరఫున, ఎవరో ఎక్కడో తీసేసుకున్న నిర్ణయాలున్నాయి. వాదన అక్కడ పట్టింది.

డెబియన్ యంత్రంలో ఇన్‌స్టాల్ పూర్తవగానే బాబాయి ఫోను తీసి దాని చిరునామా కొట్టాడు. అపాచీ స్వాగత పేజీ కనపడింది.

"ఇదే నాకు నచ్చనిది. నువ్వు ఇంకా ఒక్క ఫైలు సర్దలేదు. అప్పుడే తలుపు తీసి కూర్చుంది" అన్నాడు అబ్బాయి.

"మోటారు బిగించడానికి పిలిస్తే మెకానిక్కు ఏం చేస్తాడు? బిగించి, ఒకసారి వేసి, నీళ్లు చూపించి వెళ్తాడు. నీళ్లు పడ్డాయో లేదో చూపించని మెకానిక్కుకి నేను డబ్బులివ్వను."

"బోరులో నీళ్లున్నాయో లేదో చూడకుండా వేస్తే మోటారు కాలిపోదూ? ముందు సర్దుకోవాలి, తర్వాత వెయ్యాలి. మా దాంట్లో నేను చెప్పేదాకా సర్వీసు మొదలవదు. నేను చెప్పేదాకా రీబూటు తర్వాత లేవదు. నేను చెప్పేదాకా ఫైర్‌వాల్ 80వ పోర్టు తియ్యదు. మూడు తాళాలు. మూడూ నా చేత్తో తియ్యాలి."

అబ్బాయి రెండో యంత్రం మీద ఆల్మా 9 వేసి ఆ పని చేసి చూపించాడు. సర్వీసు మొదలుపెట్టాడు, రీబూటుకి లేచేట్టు ఎనేబుల్ చేశాడు, ఫైర్‌వాల్లో దారి ఇచ్చాడు. తన ఫోల్డర్లో రాసుకున్న ధరల పేజీని సర్వర్ ఫోల్డర్లోకి మార్చాడు. ఫోనులో చూస్తే 403, ప్రవేశం నిషిద్ధం.

ఫైలు అనుమతులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా రానివ్వలేదు. బాబాయికి కారణం తెలుసు, పాత శత్రువే. "ఎస్ఈలినక్స్. తీసెయ్ దాన్ని. మేము చేసేది అదే, మొదటి రోజే తీసేసేవాళ్లం."

"అందుకే మీ తరం సర్వర్లు అన్నిసార్లు పోయాయి" అన్నాడు అబ్బాయి, ఈసారి నిదానంగా. ఎస్ఈలినక్స్ అమెరికా జాతీయ భద్రతా సంస్థలో పుట్టి 2000 డిసెంబరులో బయటికి వచ్చింది. ఫైలు ఎవరిది, ఎవరు చదవొచ్చు అన్న మామూలు లెక్కకి తోడు, ప్రతి ఫైలుకీ ఒక చీటీ అంటిస్తుంది. వెబ్‌సర్వర్ చీటీ ఉన్న ఫైళ్లనే వెబ్‌సర్వర్ తాకగలదు. ఇంటి ఫోల్డర్లోంచి ఫైలును 'మార్చితే' పాత చీటీతోనే వస్తుంది. అక్కడే 'కాపీ' చేసుంటే కొత్త చోటి చీటీ పడేది. రేపు పేజీలో ఏదో కన్నం దొరికి దొంగ లోపలికొచ్చినా, ఆ చీటీలు ఉన్నంతవరకూ వెబ్‌సర్వర్ గదిలోంచి ఇంటి గదిలోకి అడుగుపెట్టలేడు. అబ్బాయి రిస్టోర్‌కాన్ అనే ఆదేశం కొట్టాడు. చీటీలు సరిపడ్డాయి, పేజీ వచ్చింది.

బాబాయి ఆ ఆదేశాన్ని రెండోసారి కొట్టించుకుని చూశాడు. "ఇది ఇంత తేలికని మాకెవరూ చెప్పలేదురా" అన్నాడు. ఏళ్లపాటు ఎన్నో చోట్ల ఆ కాపలాదారుని తీసేసినవాళ్లందరి తరఫునా అన్న మాట అది. అక్కడ అబ్బాయిదే పైచెయ్యి అని ఈ రచయిత అభిప్రాయం. అర్థంకాని భద్రతని తీసెయ్యడం సులువు. అర్థం చేసుకోవడానికి పట్టింది పది నిమిషాలు.

కానీ బాబాయి దగ్గర ఇంకో మాటుంది. ఆయన దాన్ని చాలాసేపటి నుంచి దాచుకున్నాడు.

"సరే, తాళాలు గట్టివే. ఇల్లు ఎవరిది? 2020 డిసెంబరు 8న ఏమైందో నీకు గుర్తుందా? నువ్వప్పుడు చదువుకుంటున్నావు. నేను డ్యూటీలో ఉన్నాను."

ఆ రోజు రెడ్ హ్యాట్, సెంటాస్ లినక్స్ 8ని 2021 చివరికల్లా ఆపేస్తామని ప్రకటించింది. అంతకుముందు చెప్పిన గడువు 2029. ఉచితంగా దొరుకుతుందని, పదేళ్లు ఉంటుందని నమ్మి ప్రపంచమంతా లక్షల యంత్రాల మీద పెట్టుకున్న సిస్టం అది. ఏడాది గడువిచ్చారు. ఆ తర్వాతే ఆల్మా, రాకీ పుట్టాయి. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ సోర్సుకోడును కూడా తన ఖాతాదార్లకే పరిమితం చేసేసరికి ఆల్మా తన పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. ఎన్‌జినెక్స్ కథా అలాంటిదే. ఇగోర్ సిసోయెవ్ 2004లో బయటికిచ్చిన ఆ సర్వర్ వేగంలో అపాచీని మించింది. దాని కంపెనీని 2019లో ఎఫ్5 కొనేసింది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమైన ప్రోగ్రామరు ఒకాయన కంపెనీతో పడక ఫ్రీఎన్‌జినెక్స్ అని వేరు కుంపటి పెట్టాడు.

"డెబియన్‌కి యజమాని లేడు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. 1997లో వాళ్లకి వాళ్లు ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు. దాన్ని ఎవడూ కొనలేడు. తోట కౌలుకి తీసుకున్నవాడు ఎరువెయ్యడు, తోట తనదైనవాడు వేస్తాడు" అన్నాడు బాబాయి.

"యజమాని లేకపోతే జవాబుదారీ కూడా ఉండదు కదా బాబాయ్? 2008 మే 13 గుర్తుందా?"

బాబాయి మొహం మారింది. గుర్తుంది. డెబియన్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీ చూసేవాళ్లు 2006లో, ఒక తనిఖీ పనిముట్టు ఇస్తున్న హెచ్చరికను ఆపడానికి కోడులో చిన్న మార్పు చేశారు. దాంతో రహస్య తాళంచెవులు పుట్టించే చోట యాదృచ్ఛికత పోయింది. ఒక్కో రకానికి, పొడవుకి 32,768 చెవులకు మించి పుట్టే వీల్లేకపోయింది. అన్ని చెవుల్నీ ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటీ పెట్టి చూస్తే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. దాదాపు రెండేళ్లు ఎవరూ గమనించలేదు. డెబియన్ మీదా, దాని మీద కట్టిన ఉబుంటు మీదా ఆ కాలంలో పుట్టిన చెవులన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

"అది నిజం. ఆ వారం నేను నిద్రపోలేదు. కానీ దాచలేదు కదా! వాళ్లే బయటపెట్టారు" అన్నాడు బాబాయి.

"దాచలేదు. ఒప్పుకుంటాను."

2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ సంగతి బయటపడ్డప్పుడు రెండు కుటుంబాలూ ఒకే పడవలో ఉన్నాయి. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఓపికగా దొంగదారి తవ్వారు. దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రెయిండ్ అనే ప్రోగ్రామరు తవ్వి చూస్తే దొరికింది. అసలు ఎస్ఎస్‌హెచ్ తయారుచేసేవాళ్ల కోడుకి ఆ సాఫ్ట్‌వేర్‌తో సంబంధమే లేదు. డెబియన్, రెడ్ హ్యాట్ కుటుంబంలోని ఫెడోరా తమ సౌకర్యం కోసం అతికించిన అతుకు ద్వారా దొంగకి దారి దొరికింది. పరీక్షల దశలో ఉన్న వెర్షన్లలో మాత్రమే చేరింది కాబట్టి రెండింటి స్థిర వెర్షన్లూ బతికిపోయాయి. పాతదాన్ని పట్టుకుని వేలాడుతారని డెబియన్ స్టేబుల్‌నీ, రెడ్ హ్యాట్‌నీ వెక్కిరించేవాళ్లు చాలామంది. ఆ వేలాడటమే ఆ రోజు కాపాడింది.

అబ్బాయి మధ్యలో ఒకసారి దారి మార్చాడు. "అసలు ఈ గొడవంతా లేకుండా డాకర్ వేసేద్దాం. అపాచీ డబ్బాలో వస్తుంది. కింద ఏ సిస్టమున్నా ఒకటే."

"డబ్బా లోపల ఏముంది?"

అబ్బాయి నోరు మూసుకున్నాడు. అపాచీ, ఎన్‌జినెక్స్ అధికారిక డబ్బాల మామూలు రకం డెబియన్ మీద కట్టినదే. ఆల్పైన్ అనే లినక్స్ మీద కట్టిన చిన్న రకం అడిగితేనే ఇస్తారు. పైగా, ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూతో కట్టుకున్న ఫైర్‌వాల్ గోడని డాకర్ తెరిచిన పోర్టు పట్టించుకోదు, పక్కనుంచి బయటికి పోతుంది. తెలియనివాళ్లు గోడ ఉందనుకుని పడుకుంటారు.

ఇంతసేపూ పిన్ని షెడ్డులోకి వస్తూ పోతూ ఉంది. తోట లెక్కలు ఆవిడవి. రేపటి నుంచి ధరలు మార్చాల్సిందీ ఆవిడే. మజ్జిగ గ్లాసులు బల్ల మీద పెట్టి ఫోను తీసి, ముందు బాబాయి యంత్రం చిరునామా కొట్టింది. బాబాయి అప్పటికే స్వాగత పేజీ తీసేసి, పెన్‌డ్రైవులో ఉన్న ఫోల్డరంతా సర్వర్ ఫోల్డర్లో పెట్టి ఉన్నాడు.

"ఏవండీ, ఇదేంటి? ధరలతో పాటు రైతుల బ్యాంకు ఖాతాల ఫైలు కూడా కనపడుతోంది."

ఇద్దరూ లేచి ఆవిడ ఫోనులోకి చూశారు. ఫోల్డర్లో ఉన్నవన్నీ వరసగా జాబితా కట్టి ఉన్నాయి. అపాచీ ఒక ఫోల్డర్లోకి వెళ్లగానే ఇండెక్స్ అనే పేరున్న పేజీ కోసం చూస్తుంది. బాబాయి పేజీకి 'ధరలు' అని పేరు పెట్టాడు. ఇండెక్స్ దొరక్కపోతే ఏం చెయ్యాలి? ఉన్నవన్నీ చూపించు అని డెబియన్ తన కన్ఫిగ్ ఫైల్లో ముందే రాసి ఇచ్చింది.

"చూశావా బాబాయ్, మీ మెకానిక్కు నీళ్లు చూపించమంటే ఇనప్పెట్టె కూడా తెరిచి చూపించాడు" అన్నాడు అబ్బాయి.

"నీ దాంట్లో చూడు."

అబ్బాయి ఆల్మా కన్ఫిగ్ ఫైలు తెరిచాడు. అక్కడా అదే వాక్యం. ఎనబై ప్రశ్నల్లో విడిపోయిన రెండు కుటుంబాలూ ఈ ఒక్క దాంట్లో తొంభైల నాటి అలవాటునే పట్టుకుని ఉన్నాయి. ఫైళ్లు పంచుకోవడమే పనిగా ఉన్న విశ్వవిద్యాలయాల వెబ్ కాలంలో జాబితా చూపించడం సౌకర్యం. ఎన్‌జినెక్స్ ఆ జాబితాని అడిగితే తప్ప చూపదు.

బాబాయి ముందు ఖాతాల ఫైలు తీసేశాడు. జాబితా ఆపినా పేరు తెలిసినవాడు నేరుగా అడిగి పట్టుకుపోగలడు కాబట్టి అది ఆ ఫోల్డర్లో ఉండనేకూడదు. తర్వాత జాబితా కట్టే మాడ్యూలుని ఆపబోయాడు. డెబియన్ ఊరుకోలేదు. ఇది ముఖ్యమైన మాడ్యూలు, నిజంగా ఆపాలంటే 'అవును, నేను చెప్పినట్టు చెయ్యి' అన్న వాక్యం ఇంగ్లీషులో పొల్లుపోకుండా కొట్టమంది. బాబాయి కొట్టాడు. అంత గట్టిగా అడిగే ప్రశ్న ఆ జాబితాని తెరిచి ఉంచేటప్పుడు అడిగి ఉంటే ఎంత బాగుండేది!

"నాకొకటి చెప్పండి. మీ ఇద్దరూ లేని రోజు ఇది ఆగిపోతే, వీటిలో దేన్ని నేను బాగుచేసుకోగలను?" అంది పిన్ని.

బాబాయి డెబియన్ అన్నాడు. తెలుగులో అడుగుతుంది, జంక్షన్లో కంప్యూటరు షాపు కుర్రాడికి ఉబుంటు తెలిసినా దీన్ని పట్టగలడు, అయిదేళ్లు నడిచాక కొత్త వెర్షనుకి ఉన్నచోటే ఎక్కించుకోవచ్చు. అబ్బాయి ఆల్మా అన్నాడు. 2032 దాకా మార్చే పనే లేదు, నెలకోసారి అప్‌డేట్ చేస్తే చాలు, మార్పు తక్కువైతే చెడేదీ తక్కువ. ఈసారి ఇద్దరి మాటా ఒక మనిషిని ఉద్దేశించింది కాబట్టి రెండూ బరువుగా వినిపించాయి. పిన్ని తీర్పు చెప్పలేదు. తోట లెక్కల పుస్తకంలో వెనక పేజీ తిప్పి, కొట్టిన ఆదేశాలన్నీ మళ్లీ చెప్పమంది. ఏది దేనికో పక్కన తెలుగులో రాసుకుంది. ఎస్ఈలినక్స్ దగ్గర 'చీటీలు సరిచెయ్యడం' అని రాసింది.

రాయడం అయ్యాక మూడో యంత్రం వైపు చూపించింది. "దానికేం రోగం?"

దాని మీద ఓపెన్‌బీఎస్‌డీ వేద్దామన్నది అబ్బాయే. అది లినక్స్ కాదు, బెర్క్‌లీ యునిక్స్ వంశం. థియో డి రాట్ నడిపిస్తున్న ఆ ప్రాజెక్టు 32 బిట్ల యంత్రాలకి ఇప్పటికీ విడుదల ఇస్తోంది. దాని అన్న వరస ఫ్రీబీఎస్‌డీని పల్లెలో ఎవరూ వినలేదు. కానీ నెట్‌ఫ్లిక్స్ సినిమాలు పంపే యంత్రాలు నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీద, అందులో ఎన్‌జినెక్స్ మీద. బాపులపాడులో ఎవరైనా రాత్రి అందులో ఒక సినిమా వేసుకుంటే అదీ వీళ్ల దాయాదే వడ్డిస్తున్నది.

ఓపెన్‌బీఎస్‌డీలో ఇన్‌స్టాల్ అనే మాటే లేదు. వెబ్‌సర్వర్ సిస్టంతోనే వస్తుంది, వాళ్లే రాసుకున్న చిన్న హెచ్‌టీటీపీడీ. ఒకప్పుడు అపాచీ పెట్టారు, కొన్నాళ్లు ఎన్‌జినెక్స్ పెట్టారు, చివరికి సొంతంగా రాసుకున్నారు. కన్ఫిగ్ ఫైలు మనమే రాయాలి, రాసేదాకా అది నిద్రలోనే ఉంటుంది. అబ్బాయి నాలుగు వరసలు రాశాడు. పేజీ ఉన్న చోటును మొత్తం దారితో రాశాడు. దొరకలేదంది. కాసేపు తల గోక్కున్నాక బాబాయికి వెలిగింది. ఆ సర్వర్‌ని ఒక గదిలో పెట్టి తలుపేస్తారు. వేరే డిస్కు ఉందని దానికి తెలియదు, తన గదే దానికి ప్రపంచం. కాబట్టి దారిని గది లోపల్నుంచి రాయాలి. 'స్లాష్ హెచ్‌టీడాక్స్' అని మాత్రమే. మార్చాక పేజీ వచ్చింది.

"మీ చీటీల పనిని వీళ్లు ఒక్క గోడతో చేశారు" అన్నాడు బాబాయి.

"అంత పనీ కాదు. కానీ బాగుంది" అన్నాడు అబ్బాయి.

పొద్దుగూకేవేళ గాలి లేచింది. మామిడి కాలంలో ఆ గాలికి అందరూ ముందు చెట్ల వైపు చూస్తారు. పిన్ని బయటికి వెళ్లి చూసొచ్చింది. రాలింది కొంచెమే. కరెంటు పోయింది. షెడ్డులో ఇన్వర్టరు లేదు.

అరగంటకి వచ్చింది. కరెంటు రాగానే తమంతట తామే లేచేట్టు మూడింటి బయోస్‌లోనూ బాబాయి పొద్దున్నే పెట్టి ఉంచాడు. ఈ పని మరిచిపోతే ఏ సిస్టం పెట్టినా ఒకటే, పెట్టె నల్లగా కూర్చుంటుంది. పిన్ని ఫోనులో మూడు చిరునామాలూ వరసగా కొట్టింది. డెబియన్ పేజీ వచ్చేసింది. ఓపెన్‌బీఎస్‌డీ రాలేదు. ఉన్నపళంగా ఆగిపోయినందుకు తన డిస్కంతా మొదట్నుంచి సరిచూసుకుంటోంది. కాసేపటికి అదీ వచ్చింది. ఆల్మా మాత్రం రాలేదు.

అబ్బాయి యంత్రం ముందు కూర్చున్నాడు. సర్వీసు నడుస్తోంది. ఆ యంత్రంలోంచే అడిగితే పేజీ వస్తోంది. ఫోనుకి మాత్రం రావట్లేదు. నాలుగైదు ఆదేశాలు కొట్టాక ఆగి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఫైర్‌వాల్లో దారి ఇచ్చినప్పుడు 'పర్మనెంట్' అన్న మాట చేర్చలేదు. ఆ మాట లేకుండా ఇచ్చిన దారి యంత్రం ఆగేదాకానే ఉంటుంది.

"మూడో తాళం" అన్నాడు బాబాయి. అంతకుమించి అనలేదు.

అబ్బాయి ఆదేశాన్ని మళ్లీ, ఈసారి పూర్తిగా కొట్టి, ఫైర్‌వాల్‌ని రీలోడ్ చేశాడు. పిన్ని ఫోనులో చిన్న రసాల ధర కనపడింది. ఆవిడ లెక్కల పుస్తకం తీసి ఫైర్‌వాల్ ఆదేశం రాసిన వరస వెతికి, దాని చివర చోటుందో లేదో చూసుకుంది.

"ఆ మాటకి స్పెల్లింగు చెప్పరా."

"ముందు రెండు అడ్డగీతలు పెట్టు పిన్నీ" అన్నాడు అబ్బాయి. ఆవిడ రెండు గీతలు గీసి, తర్వాతి అక్షరం కోసం ఆగింది.